వెనిస్‌కు దారి జరియా మీదుగా

ఆఫ్రికా సమకాలీన కళ గురించి రాసేవాళ్లు చాలామంది 1989 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడు పారిస్‌లో జాన్ హ్యూబర్ మార్తాన్ 'భూమ్మీది మాంత్రికులు' అనే అర్థం వచ్చే పేరుతో పెద్ద ప్రదర్శన పెట్టాడు. ఆఫ్రికా కళాకారులకు ప్రపంచం తలుపు తెరిచింది అప్పుడేనని వాడుకలో ఉన్న మాట. ఈ మాట నాకు ఒప్పుదల కాదు.

ఆఫ్రికా కళ ప్రపంచ వేదికలకెక్కిన తొలినాళ్ల సంగతులు తెలిసినవే. 1895లో పుట్టిన వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన 1922లో ఆఫ్రికా శిల్పాలను చూపింది కానీ, అవి ఇటలీ మ్యూజియంల నుంచి తెచ్చిన, శిల్పుల పేర్లు లేని పాత వస్తువులు. 1938లో ఈజిప్టు, 1950లో దక్షిణాఫ్రికా అక్కడ అడుగుపెట్టాయి. 1966లో సెనెగల్ అధ్యక్షుడు సెంఘోర్ డాకర్‌లో నల్లజాతి కళల ఉత్సవం జరిపించాడు.

అసలు కథ నైజీరియాలోని జరియాలో ఉంది. అక్కడి కాలేజీలో బ్రిటిష్ అధ్యాపకులు యూరప్ పద్ధతిలో బొమ్మలు నేర్పుతుంటే, 1958లో ఉచే ఒకెకే, బ్రూస్ ఒనొబ్రాక్‌పెయా, డెమాస్ న్వోకో తదితర విద్యార్థులు సొంత సంఘం పెట్టుకున్నారు. బడిలో నేర్చినదాన్నీ ఇంటి సంప్రదాయాన్నీ కలిపి కొత్తది చేయాలన్నది వాళ్ల పట్టుదల. 1960లో ఒకెకే దానికి 'సహజ సమన్వయం' అని పేరు పెట్టాడు. తర్వాత న్సుక్కా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, ఇగ్బో స్త్రీలు ఒంటిమీదా గోడలమీదా గీసే 'ఉలి' అనే సంప్రదాయ గీతలను విద్యార్థుల ముందు పెట్టాడు. 1975లో ఘానా నుంచి ఎల్ అనత్సుయ్ అదే విభాగానికి అధ్యాపకుడిగా వచ్చాడు.

1990లో వెనిస్‌లో ఐదుగురు ఆఫ్రికా కళాకారులు కనిపించారు. వారిలో ఒనొబ్రాక్‌పెయా జరియా మనిషి, అనత్సుయ్ న్సుక్కా మనిషి. వాళ్లు ఏడాది ముందటి పారిస్ ప్రదర్శన కనిపెట్టినవాళ్లు కారు, ముప్పై ఏళ్ల చర్చ తయారుచేసినవాళ్లు. పారిస్ మొగ్గు వేరు: సైన్‌బోర్డులు రాస్తూ ఎదిగిన చేరీ సాంబా, శవపేటికలు చెక్కే కానే క్వేయ్ వంటివారిని అది ఎంచుకుంది. వాళ్ల ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కళాశాలలో చదివి, వాదించి, పత్రికల్లో రాసిన ఆఫ్రికావాడు అక్కడ దాదాపు కనిపించలేదు. నా వాదానికీ ఒక హద్దుంది. ఆ ఐదుగురిలో జింబాబ్వే శిల్పి హెన్రీ మున్యరాద్జి ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు, టెంగెనెంగె శిల్పుల గ్రామంలో రాయి చెక్కుతూ ఎదిగాడు. జనం మాట్లాడుకున్నది పారిస్ గురించే అన్నదీ నిజమే. అయినా పేరు తెచ్చిన సందర్భం వేరు, కళను పెంచిన చోటు వేరు.

2007లో అనత్సుయ్ సీసా మూతలను రాగి తీగతో కుట్టిన తెరను వెనిస్‌లో ఫోర్తునీ భవనం ముఖంమీద వేలాడదీశాడు. ఆ ఏడే మాలి ఫొటోగ్రాఫర్ మాలిక్ సిదిబేకు బినాలే జీవిత సాఫల్య పురస్కారం స్వర్ణసింహం దక్కింది. 2015లో అది అనత్సుయ్‌కి వచ్చింది. ఆ బినాలేకు దర్శకుడు నైజీరియాలో పుట్టిన ఒక్వుయ్ ఎన్వెజర్.

ఇప్పటి స్థితి నాకు పూర్తిగా నచ్చదు. 2007లో 'ఆఫ్రికా పెవిలియన్' పేరిట మొత్తం ఖండాన్ని ఒకే ప్రైవేటు సంగ్రహంలోంచి చూపించారు. 2015లో కెన్యా పేరిట తలపెట్టిన ప్రదర్శనలో ఎక్కువమంది చైనా కళాకారులే ఉండేసరికి, నిరసన లేచి ప్రభుత్వం తప్పుకుంది. 2013లో అంగోలా పెవిలియన్ స్వర్ణసింహం గెలవడం, 2019లో ఘానా తొలి పెవిలియన్ తీర్చిన తీరు సంతోషం కలిగించాయి. కానీ బినాలే జరిగే జార్దీనీ తోటలో సొంత భవనమున్న ఆఫ్రికా దేశం నేటికీ ఈజిప్టు ఒక్కటే.

2026 బినాలేకు దర్శకురాలిగా ఎంపికైన కొయో కువో 2025 మేలో కన్నుమూసింది. వెనిస్ పిలవకముందే, 2008లోనే, ఆమె డాకర్‌లో ప్రదర్శనలకూ చదువుకూ కలిపి 'రా మెటీరియల్ కంపెనీ' అనే కేంద్రం స్థాపించింది. బహుమతుల జాబితాలు రాసేవాళ్లు ఆ కేంద్రం గురించి కూడా రాయాలని నా కోరిక.