తేలికపాటి సాఫ్ట్‌వేర్: పాత పరికరాలకు పొడిగిన ఆయువు

భాగాలేవీ చెడకపోయినా కొన్ని కంప్యూటర్లు, ఫోన్లు మూలన పడుతుంటాయి. వాటిపై నడవవలసిన సాఫ్ట్‌వేర్ బరువెక్కడమే ఇందుకు ప్రధాన కారణం. తక్కువ మెమొరీ, నెమ్మదైన ప్రాసెసర్, అంతంతమాత్రపు ఇంటర్నెట్‌తోనూ సక్రమంగా పనిచేసే ప్రోగ్రాములను తేలికపాటి సాఫ్ట్‌వేర్ అంటారు.

పాస్కల్ భాషను రూపొందించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే ఈ ధోరణిని విమర్శించారు. హార్డ్‌వేర్ వేగం పెరిగేకొద్దీ, అంతకుమించి సాఫ్ట్‌వేర్ మందగిస్తోందన్నది ఆయన వ్యాస సారాంశం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందించే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ మెమొరీ, 64 జీబీ నిల్వ స్థలంతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం అవసరం. ఈ అర్హతలు లేని యంత్రాలకు అధికారికంగా ఆ మార్గం మూసుకుపోయింది. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో సక్రమంగా సేకరించి రీసైక్లింగ్ చేసినట్టు నమోదైనవి నాలుగో వంతు కన్నా తక్కువే.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ ప్రారంభించిన పప్పీ లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు. ఒక జీబీ లేదా అంతకన్నా తక్కువ మెమొరీ ఉన్న ఫోన్ల కోసం గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ గోను ప్రకటించింది. మన దేశంలో రిజర్వ్ బ్యాంక్ 2022 మార్చి 8న ప్రారంభించిన యూపీఐ 123పేతో, ఇంటర్నెట్ లేని సాధారణ ఫోన్ నుంచి కూడా చెల్లింపులు జరపవచ్చు.

రూపకర్తలు పాటించదగిన నియమాలు సరళమైనవే. ప్రోగ్రామును చౌకైన పాత ఫోన్‌పైనే ముందుగా పరీక్షించాలి. పేజీలో అక్షరాలు మొదట కనిపించాలి. వీడియో కోరినప్పుడే తెరుచుకోవాలి. సిగ్నల్ తెగినా సగం నింపిన దరఖాస్తు చెరిగిపోకూడదు. ఒత్తులు, గుణింతాల కలయికల వల్ల తెలుగు ఫాంట్ల పరిమాణం సాధారణంగా ఇంగ్లీషు ఫాంట్ల కంటే ఎక్కువ. కనుక ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటునే వాడుకుంటే డేటా ఆదా అవుతుంది. అయితే తేలిక పేరుతో భద్రతను తగ్గించరాదు.

పింఛను, ఉపకార వేతనం, రైలు టికెట్ వంటి సేవలన్నీ ఫోన్‌లోకి చేరిన ఈ కాలంలో, తెరుచుకోని యాప్ మూసి ఉన్న కార్యాలయంతో సమానం. కొత్త ఫోన్ కొనలేని పౌరుడికి ఆ తలుపు తెరిచి ఉంచడమే తేలికపాటి సాఫ్ట్‌వేర్ ప్రయోజనం.