బొమ్మా బొరుసూ కంటే జాతకం మేలా?

2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని కోర్సుగా పెట్టాలని యూజీసీ తలపెట్టింది. హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ ప్రభృతులు కోర్టుకెక్కారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టూ అదే చేసింది. కోర్సు పెట్టవచ్చా అన్నది కోర్టులు తేల్చాయి. జ్యోతిషం పనిచేస్తుందా అన్నది తేలాలంటే మాత్రం పరీక్ష కావాలి.

ఆ పరీక్ష 2008లో పుణెలో జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, గణాంక శాస్త్రజ్ఞుడు సుధాకర్ కుంటే, హేతువాది నరేంద్ర దాభోల్కర్, ప్రకాష్ ఘాట్‌పాండే కలిసి నిర్వహించారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలు 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 సేకరించారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 ఇచ్చి, ఏది ఏ కోవదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. నెగ్గాలంటే కనీసం 28 సరిపోవాలి.

28 ఎందుకు? నాణెం ఎగరేసి చెప్పినా 40లో సగటున 20 సరిపోతాయి. ఆ 20కి అటూ ఇటూ ఎంత ఊగుతుందో లెక్కగట్టే దారిని 1733లో లండన్‌లో అబ్రహాం ద మోవర్ చూపాడు. తర్వాత నార్మల్ వక్రం అన్నది దాన్నే. 40ని ½తో రెండుసార్లు గుణిస్తే 10. దాని వర్గమూలం 3.16. ఇదే ప్రామాణిక విచలనం. నునుపు వక్రం మీద 28 అంటే 27.5 నుంచి మొదలు. సగటు నుంచి దూరం 7.5, అంటే 2.37 విచలనాలు. పట్టికలో చూస్తే సంభావ్యత 0.009. నూటికి ఒకటి కూడా లేదు.

ఇక్కడో మెలిక ఉంది. 27 మందీ నాణెమే ఎగరేసినా, వారిలో ఒక్కరైనా 28 అందుకునే అవకాశం దాదాపు అయిదింట ఒకటి! అలా ఒకరు నెగ్గి ఉంటే ఆయనకు కొత్త జాతకాలతో మళ్ళీ పరీక్ష పెట్టాలి తప్ప సన్మానం చేయకూడదు.

అంతదాకా రానేలేదు. అందరికన్నా ఎక్కువ వచ్చినది 24. నాణేలతోనైతే ముగ్గురు నలుగురికి 24 గానీ అంతకు మించి గానీ రావాలి. మొత్తం సగటు 46 శాతం. 200 జాతకాలూ చూసిన ఒక సంస్థకు సరిపోయినవి 102.

46 చూసి మనవాళ్ళు సంబరపడనక్కర్లేదు. 27 మందివీ కలిపి 1080 జవాబులు. ఆ లెక్కన విచలనం ఒకటిన్నర శాతమే కనుక 4 శాతం లోటు పెద్దదిగా కనిపిస్తుంది. కానీ ద మోవర్ లెక్కకు ఒక షరతుంది: ఏ జవాబుకా జవాబు స్వతంత్రంగా ఉండాలి. ఇక్కడ అవే 200 జాతకాలు చేతులు మారాయి, చూసినవారూ ఇంచుమించు ఒకే సూత్రాలు వాడారు. కాబట్టి నాణెం కంటే హీనమని అనలేం. నాణెం కంటే మేలని ఎవరూ చూపలేదు, అంతే. షరతులు ప్రత్యర్థికే కాదు, మనకూ వర్తిస్తాయి.

ఫలితాలు 2009లో 'కరెంట్ సైన్స్'లో వచ్చాయి. దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. నార్లికర్ 2025లో కన్నుమూశారు. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ తల్లితో "అంతా జాతకంలోనే ఉందమ్మా" అనేవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. ఎన్ని జాతకాలు చూశారు, ఎన్ని సరిపోయాయి అని వాళ్ళను అడగండి. నిందతో కుంగిపోయే ఆ తల్లికి ఆ రెండు అంకెలు తెలియడం అవసరం.