లారీ పొగకు హద్దులు

కోసిగి, ఎమ్మిగనూరు పల్లెల పత్తి ఆదోని యార్డుకు చేరి, జిన్నింగ్ మిల్లుల్లో బేళ్లై లారీలెక్కుతుంది. ఆ లారీల పొగకు హద్దు గీసింది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నియమం. అప్పట్లో మోసం సులువు: డీజిల్ పంపు స్క్రూ తిప్పితే ఇంజనుకు ఎక్కువ ఇంధనం అందుతుంది, లారీ బరువు లాగుతుంది, నల్లపొగ కక్కుతుంది. పరీక్ష రోజున స్క్రూ వెనక్కి తిప్పితే సరి.

తర్వాత పొగ హద్దులు భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాలుగా అంచెలంచెలుగా బిగిశాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని సుప్రీంకోర్టు ఆపింది. మిగిలిపోయిన లారీలను తుక్కు కింద కొని, కాగితాల్లో బీఎస్-4గా మార్చి నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించారన్న ఆరోపణపై ఆదోనికి పక్క జిల్లాలో ఉన్న తాడిపత్రిలో 2020లో అరెస్టులు జరిగాయి.

అదే ఏడాది ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. లారీకి మసిని పట్టే ఫిల్టరు, 32.5 శాతం యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే పరికరం తోడయ్యాయి. ద్రావణం అయిపోతే ఇంజను శక్తి తగ్గిపోతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కొందరు కంప్యూటరును ఏమార్చే చిన్న పెట్టె బిగిస్తారు: ట్యాంకు ఖాళీగా ఉన్నా అంతా సవ్యంగా ఉన్నట్టు అది సంకేతం పంపుతుంది. ఈ మోసం అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఇది పరీక్షకు దొరకదు. యాక్సిలరేటరు తొక్కి చేసే పొగ పరీక్ష మసి చిక్కదనాన్నే కొలుస్తుంది. కంటికి కనబడని నైట్రోజన్ ఆక్సైడ్లు దానికి అందవు. ఆదోని ఉన్న జిల్లాకు కేంద్రమైన కర్నూలు నగరమేమో, గాలిని శుభ్రపరచేందుకు 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలోకి ఎక్కింది.