సంతకం రాష్ట్రపతిది, నిర్ణయం ఎవరిది?

తగరపువలస చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాక, అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఈ గోస్తనీ తీరాన బాగానే పెరిగాయి. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలంటూ 2025 సెప్టెంబరు 19న ట్రంప్ సంతకం చేస్తే, ఆ దెబ్బ ఇలాంటి ఊళ్లకే ముందు తగిలింది. ఒక్క మనిషి సంతకానికి ఇంత బలమా అనిపిస్తుంది. మన రాష్ట్రపతికీ అంత బలం ఉందా అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. జవాబుకు దూరం పోనక్కర్లేదు. ముగ్గురు తెలుగువాళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ పదవి హద్దులు చాలావరకు తేలింది వాళ్ల హయాంలోనే.

ముందు అమెరికా సంగతి. 1787లో ఫిలడెల్ఫియాలో రాసుకున్న రాజ్యాంగం పాలనాధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చి, చట్టాన్నీ ఖజానానీ కాంగ్రెస్ దగ్గర ఉంచింది. ఈ పంపకానికి గట్టి పరీక్ష ఉక్కు దగ్గర ఎదురైంది. కొరియా యుద్ధం నడుస్తుండగా ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధమయ్యారు. 1952 ఏప్రిల్ 8న అధ్యక్షుడు ట్రూమన్ మిల్లులను స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు ఇచ్చాడు. చట్టం లేకుండా మిల్లులు లాక్కోవడం కుదరదని జూన్ 2న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. మిల్లులు మళ్లీ యజమానుల చేతికి వెళ్లాయి, సమ్మె 53 రోజులు నడిచింది.

ఆ జూన్ నెలలోనే ఇంకొకటి జరిగింది. కాంగ్రెస్ పంపిన వలస చట్టాన్ని ట్రూమన్ వీటో చేస్తే, ఉభయసభలూ మూడింట రెండొంతుల ఓట్లతో ఆ వీటోను తోసిపుచ్చాయి. విదేశీయుల ప్రవేశాన్ని ఆపే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది ఆ చట్టమే. లక్ష డాలర్ల ప్రకటనకు ట్రంప్ చూపించిన ఆధారం కూడా అదే. ఒక అధ్యక్షుడు వద్దన్న చట్టం 73 ఏళ్ల తరవాత మరో అధ్యక్షుడికి ఆయుధమైంది.

మన రాజ్యాంగం 53వ అధికరణం ఒక్కటే చదివితే ఢిల్లీలోనూ అలాంటి అధ్యక్షుడే ఉన్నాడనిపిస్తుంది. కేంద్ర పాలనాధికారం రాష్ట్రపతిదేనని అది చెబుతుంది. మంత్రిమండలి సలహా గురించి చెప్పేది 74వ అధికరణం. మన రాష్ట్రపతి ఇంగ్లండు రాజు లాంటివాడు తప్ప అమెరికా అధ్యక్షుడి లాంటివాడు కాడని అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో తేల్చి చెప్పారు. అయినా ఆ సలహాకు కట్టుబడి తీరాలన్న మాట అక్షరాలా రాయలేదు. ఆ సందు చూసే బాబూ రాజేంద్ర ప్రసాద్ 1960లో, రాష్ట్రపతి అధికారాలను లోతుగా పరిశీలించాలని బహిరంగంగానే అడిగారు. నెహ్రూకు అది రుచించలేదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుంచి అయిదేళ్లు వైస్ ఛాన్సలర్‌గా ఉండి వాల్తేరుకు చిరపరిచితుడైన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయ్యారు. నెహ్రూ పోయినప్పుడు, మళ్లీ శాస్త్రి పోయినప్పుడు, ఆయన గుల్జారీలాల్ నందా చేత ప్రధానిగా ప్రమాణం చేయించి, పార్టీ తన నాయకుణ్ణి ఎన్నుకునేదాకా కథ నడిపించారు. తాత్కాలిక ప్రధాని అన్న పదవి రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

అసలు నాటకం వి.వి. గిరిది. ఆయన మనవాడు. 1937లో బొబ్బిలి రాజావారిని బొబ్బిలిలోనే ఓడించాడు, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. బ్యాంకు ఉద్యోగుల వేతనాల విషయంలో పేచీ వచ్చి 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వదులుకున్నాడు. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించడంతో, ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. జులై 19 శనివారం. సోమవారం పార్లమెంటు మొదలు. రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి గిరి ఆదివారం రాజీనామా చేయబోతున్నాడు. మధ్యలో మిగిలింది ఒక్క రోజు. ఆ రోజు 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ రాత్రికి రాత్రి తయారైన ఆర్డినెన్సు మీద ఆయన సంతకం పడింది. ఆ రాత్రే ఇందిరా గాంధీ రేడియోలో దేశానికి ఆ కబురు చెప్పింది.

ట్రూమన్ నిర్ణయం తనదే. సంతకమూ తనదే. అయినా ఒక్క మిల్లూ దక్కలేదు. గిరి సంతకం వెనక ఉన్న నిర్ణయం మంత్రివర్గానిది, పదవి చూస్తే రేపు వదిలేసేది, అయినా 14 బ్యాంకులు చేతులు మారాయి. 123వ అధికరణం పుణ్యమా అని, పార్లమెంటు సమావేశాల్లో లేనప్పుడు మన రాష్ట్రపతి సంతకం చట్టమవుతుంది. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు జాతీయీకరణ చట్టాన్ని కొట్టేస్తే, నాలుగు రోజుల్లో మరో ఆర్డినెన్సు వచ్చింది. దాని మీదా గిరి సంతకమే. పెత్తనం లేని రాష్ట్రపతి చేత ప్రభుత్వం చేయించగల పని, పెత్తనమంతా తనదే అయిన అమెరికా అధ్యక్షుడు చేయలేకపోయాడు. రాష్ట్రపతి పదవి ఉత్తి అలంకారమని నవ్వేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

1969 ఎన్నికలో గిరి ఓడించిందీ తెలుగువాణ్ణే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 తేలాయి. కానీ గెలిచినవాడికి చేతిలో ఏం మిగిలింది? రైల్వే కార్మిక ఉద్యమంలో పేరు తెచ్చుకున్న గిరి రాష్ట్రపతి భవన్‌లో ఉండగానే, 1974 మేలో అఖిల భారత రైల్వే సమ్మెను ప్రభుత్వం అణిచేసింది. అదే ఏడాది ఆగస్టులో షంషేర్ సింగ్ కేసులో, రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. 42వ సవరణ దాన్ని అక్షరాల్లో రాసింది. ఒకసారి పునరాలోచించమని తిప్పి పంపే వెసులుబాటు మాత్రం 44వ సవరణతో వచ్చింది.

సలహా ఇచ్చే మంత్రిమండలికే లోక్‌సభలో బలం లేకపోతే? 1979 జులై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. అప్పటికి రాష్ట్రపతి సంజీవరెడ్డి. 1977లో ఆంధ్రప్రదేశ్ అంతటా జనతా పార్టీ తరఫున గెలిచిన ఒకే ఒక్క ఎంపీ, నంద్యాల నుంచి. ఆయన చరణ్ సింగ్‌ను పిలిచి, నెల లోపు బలం నిరూపించుకోమన్నారు. ఆగస్టు 20న ఇందిర మద్దతు జారిపోవడంతో చరణ్ సింగ్ సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి, సభను రద్దు చేయమన్నాడు. తనకు అవకాశం ఇవ్వాలని జనతా పార్టీ నాయకుడు జగ్‌జీవన్ రామ్ కోరుతూనే ఉన్నారు. రెండు రోజులకు రెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. ఒక్కరోజైనా సభ విశ్వాసం పొందని ప్రధాని సలహా రాష్ట్రపతిని కట్టిపడేస్తుందా? నా మటుకు నాకు కట్టిపడేయదు. జగ్‌జీవన్ రామ్‌ను పిలిచి సభలోనే లెక్క తేల్చాల్సింది. కానీ అది పూర్తిగా రెడ్డిగారి సొంత నిర్ణయం, అలాంటి క్షణాలు ఆ కుర్చీకి అరుదుగా వస్తాయి.

హైదరాబాదు రాజ్‌భవన్‌లో గవర్నర్ రామ్‌లాల్ కూడా 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను తీసేసి తన సొంత నిర్ణయమే చూపించాడు. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

బిల్లులపై సంతకం ఎన్నాళ్లు ఆపవచ్చన్న తగువు మిగిలింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు, గవర్నర్లు పంపిన బిల్లులపై మూడు నెలల్లో తేల్చాలని రాష్ట్రపతికీ గడువు పెట్టింది. మే నెలలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 14 ప్రశ్నలతో అదే కోర్టు అభిప్రాయం కోరారు. గడువులు పెట్టడం కోర్టు పని కాదని నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. రాష్ట్రపతి అధికారం గురించి రాష్ట్రపతి పేరుతో వెళ్లిన ఆ ప్రశ్నలు కూడా, 74వ అధికరణం ప్రకారం, మంత్రిమండలి సలహా మీద వెళ్లినవే.