వెతకడం, దొరకడం

ఈ వారం నేను నేర్చుకున్న క్రియలు రెండు: వెతకడం, దొరకడం. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో అమెరికాలో ఒక గౌను చూపించింది.

2000 ఫిబ్రవరిలో గ్రామీ వేడుకకు జెన్నిఫర్ లోపెజ్ ఆకుపచ్చ గౌనులో వచ్చారు. జనం దాని కోసం గూగుల్‌లో తెగ వెతికారు. దొరికినవి లింకులే, బొమ్మ కాదు. 2001 జూలైలో గూగుల్ ఇమేజెస్ వచ్చింది. 2007 మేలో బొమ్మలు, వీడియోలు మామూలు ఫలితాల్లోనే కలిశాయి. అప్పటినుంచి దుకాణాల సైట్లకు ఫొటో అలంకారం మాత్రమే కాదు, కొనేవాళ్లు వచ్చే దారి కూడా.

కానీ బొమ్మ ఏమిటో యంత్రానికి ఎక్కువగా చెప్పింది పక్కనున్న మాటలే. అమ్మమ్మ గోంగూర పచ్చడి వీడియోకు "స్పైసీ చట్నీ" అని మాత్రమే పేరు పెడితే, "గోంగూర" అని తెలుగులో వెతికే మనకు అది దొరకడం కష్టం. అందుకే నేను ప్రతి ఫొటో కింద తెలుగులో ఒక వాక్యం రాస్తాను. మీరూ రాయండి.