పేగు జబ్బు చీటీలో రక్తం మాత్ర

పెద్దపేగు పూసి పుండ్లు పడే జబ్బుకు, అదే అల్సరేటివ్ కొలైటిస్‌కు, సల్ఫాసలజీన్ రాసే డాక్టరు దాని కిందనే ఫోలిక్ యాసిడ్ అని ఇంకో వరస రాస్తాడు. క్రోన్స్ అనే మరో పేగు జబ్బుకు మెథోట్రెక్సేట్ రాసినా కింద అదే వరస ఉంటుంది. చిన్న పసుపు మాత్ర, ధర కూడా బహు తక్కువ. జలదంకిలో నాకు మేనమామ వరసయ్యే ఒకాయన మిగతా మందులన్నీ మింగి దీన్ని మాత్రం పక్కన పెట్టేవాడు. "ఏందల్లుడా, ఇది కడుపుతో ఉండే ఆడోళ్లకు రక్తం పట్టేదానికిచ్చే మాత్ర గదా. నా జబ్బు పేగులో ఉండాది. రక్తానికి మందిచ్చి పేగును మానుస్తారా?" అని నన్ను నిలదీశాడు.

అడగాల్సిన ప్రశ్నే. రక్తం పాడై పేగు పాడైందా, పేగు పాడై రక్తం పాడైందా, రెండింటికీ తిండే మూలమా అని వైద్యులు కూడా ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. వాళ్లకు ఆ ముడి పడింది సంగ్రహణి దగ్గర. ఇంగ్లీషు వైద్యం దాన్ని ట్రాపికల్ స్ప్రూ అంటుంది.

సంగ్రహణి పట్టిన మనిషి ఎలా ఉండేవాడో పాతతరం వాళ్లకు బాగా తెలుసు. పాలిపోయిన రంగులో, నురగ నురగగా, జిడ్డుగా రోజుకు పలుమార్లు విరేచనం. నాలుక తోలు లేచినట్టు ఎర్రబడి, మంచినీళ్లు తగిలినా మంట. తిన్నది ఒంటికి పట్టదు. నెలలు గడిచేకొద్దీ ఎముకల గూడు మిగిలి, కళ్ల కింద తెల్లగా పాలిపోతుంది. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు ఈ జబ్బుతోనే పోయారని, ఆయనకూ అదే పట్టుకుంటే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని ఆయన జీవితకథలు చెబుతాయి. గ్రహణికి మజ్జిగ మీద ఉంచడం ఆయుర్వేదంలో పాత పద్ధతే. ఆ తర్వాత సుబ్బారావు ఆ లక్ష్మీపతి కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్రం బోధించి, 1922లో బోస్టన్ చేరారు.

అన్నదమ్ములను మింగిన జబ్బు మీద పగబట్టి మందు కనిపెట్టాడని కథ అల్లుకోవడం మనకు ఇష్టం. నిజం ఇంకాస్త వంకరగా నడిచింది, నాకు ఆ వంకరే నచ్చుతుంది. హార్వర్డ్‌లో సుబ్బారావు గొడ్డు కార్జం రసంలో వెతికింది పెర్నీషియస్ ఎనీమియా అనే మరో రక్తహీనతకు మందును. ఆ మందు పేరు విటమిన్ బి12 అని 1948లో వేరేవాళ్లు తేల్చారు. ఆయన చేతికి చిక్కింది దాని పక్కింటి మనిషి.

పక్కింట్లో ఇంకెవరో ఉన్నారని మొదట పసిగట్టినావిడ లూసీ విల్స్. 1928లో ఇంగ్లండు నుంచి బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనబడే రక్తహీనతను పట్టుకుని కూర్చున్నారు. సూక్ష్మదర్శిని కింద ఆ రక్తం అచ్చం పెర్నీషియస్ ఎనీమియాలాగే కనబడుతుంది, కణాలు ఉబ్బి పెద్దవిగా ఉంటాయి. అలాంటి రక్తహీనత తెప్పించిన ఒక కోతికి మార్మైట్ తినిపిస్తే తేరుకుంది. మార్మైట్ అంటే బీరు కాచినాక పీపా అడుగున మిగిలే ఈస్ట్ నుంచి తీసిన చిక్కటి నల్లటి ముద్ద, ఇంగ్లీషువాళ్లు రొట్టెకు రాసుకునేది. దాన్నే గర్భిణులకిచ్చి ఫలితాన్ని 1931లో ప్రకటించారు. అసలు కీలకం ఆ తర్వాత దొరికింది. ముతక కార్జం రసం కూడా ఈ రోగులకు పనిచేసింది. అదే రసాన్ని బాగా వడకట్టి శుద్ధి చేస్తే పెర్నీషియస్ ఎనీమియాకు పనిచేసింది గాని, వీళ్లకు పనిచెయ్యలేదు. అంటే శుద్ధి చేసేటప్పుడు పారబోసిన దాంట్లోనే వీళ్ల మందు పోతోంది. కార్జంలో ఉన్నవి రెండు మందులు, ఒకటి కాదు.

పారబోసినదాన్ని వెతికి పట్టుకోవడానికి సాయపడింది ఒక సూక్ష్మజీవి, మన పెరుగు తోడుకు దగ్గర చుట్టమైన లాక్టోబాసిల్లస్ కేసియై. ఆ పదార్థం లేకపోతే ఇది పెరగదు. గాజు గొట్టాల్లో వరసగా ఈ జీవిని పోసి, ఒక్కోదాంట్లో అనుమానమున్న రసం చుక్క వేసి, వెచ్చగా మూడు రోజులుంచి ఎంత పులిసిందో కొలుస్తారు. ఎక్కువ పులిసిన గొట్టంలో పదార్థం ఎక్కువున్నట్టు. రోగుల రక్తం కోసం వారాలు ఎదురుచూడకుండా బల్లమీదే తేలిపోయే పరీక్ష ఇది. 1941లో టెక్సస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూరను పిండి దాన్ని రాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అంతకు ఏడాది ముందే సుబ్బారావు న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారారు. 1945లో ఆయన బృందం దీన్ని రసాయనాలతో తయారుచేసింది. ఇక ఆకులూ కార్జాలూ పిండే పని తప్పింది.

అదే సమయంలో టామ్ స్పీస్ అనే అమెరికా వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికోల్లో సంగ్రహణి రోగులకు ఈ మాత్రలిచ్చి చూశారు. నాలుక మంట తగ్గింది, ఆకలి పుట్టింది, కొత్త రక్తకణాలు బిలబిలా పుట్టుకొచ్చాయి. సుబ్బారావు ఇంట్లో రెండు ప్రాణాలు తీసిన జబ్బుకు మందు, వెతకని దారిలో దొరికింది.

మామ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒంట్లో ఎప్పుడూ కొత్తగా పుట్టుకొస్తుండే కణాల్లో రక్తకణాలు ఒకటి, పేగు లోపలి పొర ఇంకొకటి. పేగు పొర నాలుగైదు రోజులకోసారి మొత్తం మారిపోతుంది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అది చాలకపోతే ఎముక మూలుగలో రక్తకణం ఎలా ఉబ్బి పనికిరాకుండా పోతుందో, పేగు పొరలో కణమూ అలాగే పోతుంది. ఆ దెబ్బతిన్న పొర తిండిలోని ఫోలిక్ యాసిడ్‌ను ఇంకా తక్కువ పీల్చుకుంటుంది. గానుగెద్దు తిరిగినట్టే. ఈ మాత్ర పేగు జబ్బును మాన్పదు, ఆ తిరుగుడును ఆపుతుంది.

మాన్పదని ఎలా తెలిసింది? ఏళ్ల తరబడి ముదిరిన సంగ్రహణి రోగుల్లో రక్తం బాగుపడినా పేగు పూర్తిగా బాగుపడలేదు. దానికి ఫోలిక్ యాసిడ్‌తో పాటు టెట్రాసైక్లిన్ నెలల తరబడి వాడాల్సొచ్చింది. యాంటీబయాటిక్‌తో తగ్గిందంటే సూక్ష్మజీవుల పాత్ర ఉన్నట్టే. ఆ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్ కూడా 1948లో అదే లెడర్లీ నుంచే వచ్చింది. 1960ల మొదట్లో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో సంగ్రహణి కలరాలాగా ఊళ్లమీద పడినప్పుడు, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన బేకర్, మాథన్ ఇంటింటికీ తిరిగి చూశారు. ఒక ఇంట్లో ఒకరికొస్తే మిగతావాళ్లకూ వచ్చేది. ముందు విరేచనాలు, ఆ తర్వాతే విటమిన్ల లోటు. తిండి చాలక మొదలైన జబ్బు కాదది. అంటుకుని మొదలై, తిండిని ఒంటికి పట్టనివ్వక ముదిరింది.

తిండిలోంచి ఫోలిక్ యాసిడ్ తీసేస్తే ఎన్నాళ్లకు దెబ్బ తగులుతుందో విక్టర్ హెర్బర్ట్ అనే వైద్యుడు 1961లో తన మీదే పరీక్ష పెట్టుకున్నాడు. మూడుసార్లు ఉడకబెట్టి నీళ్లు పారబోసిన తిండి మాత్రమే తిన్నాడు. నాలుగు నెలలు దాటాక రక్తంలో ఆ ఉబ్బిన కణాలు కనబడ్డాయి.

నాలుగు నెలలంటే మన ఊళ్లో ఒక పథ్యం కాలం. మామ పథ్యం నాకు తెలుసు. జబ్బు తిరగబెట్టగానే ఆకుకూర బంద్, పప్పు బంద్, గోంగూర ఊసే లేదు. మెత్తగా ఉడికించి గంజి వార్చిన అన్నం, పెరుగు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా ఉండేది ఆకుకూరల్లో, పప్పుల్లో, కార్జంలో. ఉన్న కాస్తా ఉడికించి వార్చిన నీళ్లతో పోతుంది. దీనికి తోడు సల్ఫాసలజీన్ పేగులో ఫోలిక్ యాసిడ్‌ను పీల్చుకోనివ్వకుండా అడ్డుపడుతుంది. కొన్నాళ్లకు నోరు పూస్తుంది. "వేడి చేసింది" అని ఇంట్లోవాళ్లు ఇంకో రెండు కూరలు మాన్పిస్తారు. మళ్లీ గానుగే. జబ్బు ఎగదన్నినప్పుడు పీచు తగ్గించడం, పేగు సన్నబడిన క్రోన్స్ రోగి నార ఉండేవి మానడం అవసరమే. తగ్గాక కూడా అదే తిండి మీద ఏళ్లు గడపడం పథ్యం కాదు, కరువు.

మెథోట్రెక్సేట్ సంగతి ఇంకా తమాషా. ఫోలిక్ యాసిడ్ తయారుచేసిన సుబ్బారావు బృందమే దాని రూపాన్ని కాస్త మార్చి, కణాన్ని మోసం చేసే నకిలీని తయారుచేసింది. అలాంటి ఎమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బును కొన్నాళ్లు వెనక్కి నెట్టాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ క్రోన్స్‌కు పనిచేస్తుందని 1995లో ఫీగన్ బృందం చూపింది. వారానికొక్కసారి వాడాల్సిన మందది. రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఫోలిక్ యాసిడ్ మాత్రను సాధారణంగా మిగతా రోజుల్లో వేసుకోమంటారు. నకిలీ, అసలు ఒకే చీటీలో, ఒకే ప్రయోగశాల బిడ్డలు.

ఇంకో మెలిక ఉంది. ఫోలిక్ యాసిడ్ చిన్నపేగు పైభాగంలో ఒంటికెక్కుతుంది, బి12 చిట్టచివర. క్రోన్స్ ఎక్కువగా చెడగొట్టేది ఆ చివరనే. అక్కడ బి12 అందని మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తూ పోతే రక్తం బాగున్నట్టు కనబడుతూ నరాలు లోలోపల దెబ్బతింటాయి. అందుకే క్రోన్స్ రోగికి రెండూ పరీక్షించమంటారు.

అయితే తిండికి ఈ జబ్బుల పుట్టుకలో పాత్రే లేదా? ఉందని నమ్మబలికే కథ ఒకటుంది. డచ్చి వైద్యుడు విల్లెం డికె 1944–45 కరువు చలికాలంలో గోధుమ రొట్టె దొరక్క సీలియాక్ అనే పేగు జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే దెబ్బతినడం గమనించాడు. అక్కడ దోషి గోధుమే. అది విన్నప్పటినుంచి అన్ని పేగు జబ్బులకూ ఒక దోషి కూరో గింజో ఉంటుందని జనం వెతుకుతున్నారు. మామకు కూడా ఎవరో చపాతీ మాన్పించారు. కొలైటిస్‌లో అలాంటి ఒకే ఒక్క దోషి ఎవరికీ దొరకలేదు.

క్రోన్స్ పిల్లల దగ్గర మాత్రం మంచి ఆధారం దొరికింది. ఆరు నుంచి ఎనిమిది వారాలు వేరే ఏమీ పెట్టకుండా డబ్బా పోషక ద్రవం మాత్రమే తాగిస్తే చాలామందిలో జబ్బు అణిగిపోతుంది, స్టెరాయిడ్లకు దీటుగా. మాంసకృత్తులను ముందే విడగొట్టిన డబ్బా ఇచ్చినా, విడగొట్టని డబ్బా ఇచ్చినా ఫలితం ఒకటే. అంటే గుట్టు డబ్బాలో ఉన్నదాంట్లో లేదేమో, డబ్బాలో లేనిదాంట్లో ఉందేమో. లూసీ విల్స్ పారబోసినదాన్ని వెతికారు, వీళ్లు పెట్టనిదాన్ని వెతుకుతున్నారు. 2019లో ఇజ్రాయెల్ వైద్యుడు లెవిన్ బృందం సగం ద్రవం, సగం మామూలు తిండి ఇచ్చి చూసింది. గోధుమ, పాలు, ప్యాకెట్ తిండి తీసేసి అన్నం, కోడి, గుడ్డు, ఉర్లగడ్డ, అరటిపండు ఉంచితే పిల్లలు తట్టుకున్నారు, తగ్గిన జబ్బు ఎక్కువమందిలో తగ్గే ఉంది. జాబితా చదివి వినిపిస్తే మామ, "ఇయ్యన్నీ నేను తినేటియ్యే గదా అల్లుడా" అన్నాడు. అది క్రోన్స్ పిల్లలకు రాసింది, నీది కొలైటిస్ మామా అంటే మొహం ముడుచుకున్నాడు.

తీసేసినవాటిలో అసలు దోషి ఎవరు? ఐస్‌క్రీముల్లో, బేకరీ సరుకుల్లో నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచడానికి వేసే ఎమల్సిఫయర్ల మీద ఇప్పుడు అనుమానం బలంగా ఉంది. 2015లో అమెరికాలో ఎలుకలకు వాటిలో రెండింటిని తాగే నీళ్లలో కలిపి ఇస్తే పేగును కాపాడే జిగురు పొర పలచబడి, సూక్ష్మజీవులు గోడకు దగ్గరగా చేరాయి, వాపు మొదలైంది. క్రోన్స్, కొలైటిస్ జబ్బులు పల్లెల్లోనూ కనబడుతున్నాయని హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణలో చూసి చెప్పారు. జలదంకి బస్టాండులో వేలాడే చిప్స్ ప్యాకెట్ల సరాలకూ దానికీ సంబంధముందో లేదో తేల్చాలంటే ఎలుకల సాక్ష్యం చాలదు.