ఆ పాట ఇప్పుడు ఎవరికి గుచ్చుకుంటుంది?

ఆగస్టు పదిహేను వస్తోందంటే బడి పిల్లల చేత గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాడిస్తుంటారు. నూరేళ్ల కిందట ఆ పాట కట్టినందుకు ఆయన్ని జైల్లో వేశారు. ఇవాళ అది ఎవరి మనసునూ నొప్పించదు. దొర ఓడెక్కి వెళ్లిపోయాడు. ఐర్లండులో అలా కాదు. 2022లో స్కాట్లండును ఓడించి ప్రపంచ కప్‌కు చేరిన ఐర్లండు మహిళా ఫుట్‌బాల్ జట్టు ఆ సంబరంలో, బ్రిటిష్ పాలన మీద తుపాకులెత్తిన ఐఆర్‌ఏను పొగిడే పాట అందుకుంది. క్షమాపణ చెప్పుకోక తప్పలేదు. ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘానికి 20,000 యూరోల జరిమానా పడింది. ఆ తుపాకులకు అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

మనకూ ఎదురుతిరిగే పాట కొత్త కాదు. పల్నాటి వీరుల కథ, బొబ్బిలి కథ తరాల తరబడి ఊరూరా తిరిగాయి. అక్కణ్ణుంచి నేరుగా 1943కు, బెజవాడలో పుట్టిన కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి దగ్గరికి వచ్చేస్తాను. నా ప్రాణమంతా అక్కడే ఉంది.

కృష్ణకు ఆవలి గట్టున, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన ఆ మండలి కళాకారుడు షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే చూడాల్సింది. నడుమ తంబురా భుజాన వేసుకుని, చేత అందెలు మోగిస్తూ కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. బుర్రకథ పదునంతా ఆ రాజకీయం చెప్పేవాడిదే. నడుస్తున్నది అల్లూరి సీతారామరాజు కథ కావచ్చు, బెంగాల్ కరువు కథ కావచ్చు. తందాన తాన మధ్య కథ ఆపి, మన ఊరి గింజలు ఎవరి గాదెలో ఉన్నాయని అడిగే చనువు అతనికుంది. జవాబు చెప్పాల్సిన ఆసామీ ఒక్కోసారి ఆ పందిట్లోనే ఉండేవాడు. మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించింది. 1947 నాటి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ నాటకాన్నీ వదల్లేదు. ఆ కళకు ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఏముంటుంది!

తర్వాత 1954లో నాజర్ అల్లూరి కథ ‘అగ్గిరాముడు’ సినిమాకెక్కింది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాట మర్యాదస్తురాలైంది, కానీ పూర్తిగా కాలేదు. ఆ బుర్రకథలు నిలదీసిన భూస్వాముల మనుమలు హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా సంక్రాంతికి ఆ ఊళ్లకే వస్తారు. తాతల పేర్లు తీసేసి పాడితే ఎవరికీ బాధ ఉండదు. నాకది మింగుడుపడదు. పేరు తీసేశాక పాటలో మిగిలేది తాళమే.

ఇక తెలంగాణ ఉద్యమం దగ్గరికొచ్చేసరికి అంతా చిక్కుపడుతుంది. మేం లేచి నిలబడే ‘మా తెలుగు తల్లికి’ పాటను అక్కడివాళ్లు పక్కన పెట్టారు. 2024లో ‘జయ జయహే తెలంగాణ’ వాళ్ల రాష్ట్ర గీతమైంది. అక్కడి ఉద్యమ సభల్లో పాడిన ధూంధాం పాటల్లో దోపిడీదారు తెల్లదొర కాదు, మా డెల్టావాడే. బెజవాడలో కూర్చుని ఆ ధూంధాం పాటలు వింటే నాకు చురుక్కుమంటుంది. అయినా ఆపమనను. నాజర్ దళం ముందు కూర్చున్న ఆసామికీ ఇలాగే ఉండి ఉంటుంది.